దూరప్రవేశము: అందలి చిక్కులు, పరిష్కార మార్గములు

దూరమును జయింపవలెనను తపన మానవునికి క్రొత్తది కాదు. ఎడ్లబండి నుండి రైలునకు, రైలు నుండి విమానమునకు అతడు సాగించిన ప్రస్థానమంతయు ఆ తపన ఫలితమే. అయితే ఈ సాధనములన్నియు మనిషిని పనియున్న చోటికి చేర్చినవి. పనిని మనిషియున్న చోటికే తెచ్చిన ఘనత కంప్యూటరుకు దక్కినది. ఒక ఊరిలో కూర్చుండి మరియొక ఊరిలోని కంప్యూటరును, దాని ఎదుటనే యున్నట్లు నడుపుటను రిమోట్ లాగిన్ అందురు. తెలుగులో దీనిని మేము దూరప్రవేశమని వ్యవహరించుచున్నాము.

ఈ విషయము మహానగరముల వారికే పరిమితమని తలంచుట పొరపాటు. వీరులపాడు మండలమునే తీసికొందము. 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో నుండి, ఆనాటి నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టసీమ ప్రత్తికిని, మిరపకును పేరు పొందినది. సమీపమునగల నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా సాగు జాతీయ రహదారి ఒకవైపు హైదరాబాదునకును, మరియొకవైపు విజయవాడకును దారి తీయును. ఈ ప్రాంతపు యువతీయువకులు అనేకులు ఆ నగరములలో ఉద్యోగములు చేయుచున్నారు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినపుడు, ఇట్టివారు స్వగ్రామముల నుండియే కార్యాలయపు కంప్యూటర్లలో ప్రవేశించి పని నెరవేర్చిరి. 2023 జూలై మాసాంతమున మున్నేరు పొంగి, నందిగామ సమీపమునగల ఐతవరము వద్ద జాతీయ రహదారి మీదికి నీరు చేరి రాకపోకలు స్తంభించినవి. అట్టి దినమున మనిషి పోలేని చోటికి అతని పని పోగలదు. తీగ తెగకుండిననే సుమా!

కాని ఈ ప్రవేశము ఎల్లవేళల సాఫీగా జరుగదు. తెరపై ‘సంబంధము కుదరలేదు’ అను ఒక్క వాక్యము ప్రత్యక్షమగును. దాని వెనుక ఉద్యోగికి ఒక దినపు వేతనము, విద్యార్థికి దరఖాస్తు గడువు, వృద్ధులైన తల్లిదండ్రులకు కుమారుడు చేయవలసిన సాయము చిక్కుకొని యుండవచ్చును. ఆ తొందరలో కనబడిన మీట నెల్ల నొక్కుటయు, అపరిచితుని సలహాను నమ్ముటయు జరుగుచున్నవి. కావున దోషమును క్రమపద్ధతిలో కనుగొను విధానమును మా పాఠకులకు వివరింప తలపెట్టితిమి.

తొలి ప్రయత్నమే విఫలము

దూరప్రవేశ చరిత్ర వైఫల్యముతోనే ఆరంభమైనది. 1969 అక్టోబరు 29 రాత్రి అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి చార్లీ క్లైన్ అను విద్యార్థి, సుమారు 560 కిలోమీటర్ల దూరమునగల స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటరులో ప్రవేశింప యత్నించెను. ‘లాగిన్’ అను పదములోని మొదటి రెండక్షరములు మాత్రమే చేరినవి. అంతలో ఆవలి కంప్యూటరు స్తంభించినది. ఆవలి ఒడ్డున బిల్ డువాల్ అను ఇంజనీరు టెలిఫోనులో నుండి, ఏ అక్షరము చేరినదో చెప్పుచుండెను. దోషము సవరింపబడి, సుమారొక గంట తరువాత ప్రవేశము సిద్ధించినది. నేటి ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్‌లో ఇదియే మొదటి సందేశము.

ఈ ఉదంతమున మనకు రెండు పాఠములు గలవు. ఏ అక్షరము వరకు చేరినదో తెలిసికొనుటయే దోషనిర్ణయము. ఆవలి ఒడ్డున ఫోనులో పలుకు మనిషి యొకడుండుట అన్నిటికంటె గొప్ప పనిముట్టు.

మన దేశమున 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సదుపాయము లభించినది. ఆ సంవత్సరముననే ఫిన్లాండు దేశీయుడు టాటు యులోనెన్, పాస్‌వర్డులు మార్గమధ్యమున దొంగిలింపబడకుండుటకై, ఎస్ఎస్‌హెచ్ అను గుప్త ప్రవేశ పద్ధతిని రూపొందించెను. మైక్రోసాఫ్టు వారి రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి 1998లో సర్వర్లకును, 2001లో విండోస్ ఎక్స్‌పీ ద్వారా బల్లమీది కంప్యూటర్లకును వచ్చినది.

ఐదు మాటలలో విషయము

ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకొను మన కళాశాలలో ఈ విషయమును బోధించుటకు ఐదు మాటలు చాలును. అవి చిరునామా, రహదారి, దర్వాజా, రుజువు, హుకుం. ఉర్దూ, పారసీకముల ద్వారా వచ్చి తెలుగువారి నోట స్థిరపడిన మాటలివి. దూరప్రవేశము ఈ ఐదు మెట్ల మీదుగానే సాగును. చిరునామా తెలియవలెను, అచ్చటికి రహదారి యుండవలెను, ఇంటి దర్వాజా తెరచియుండవలెను, వచ్చినవాడు తానెవరో రుజువు చూపవలెను, రుజువైన పిమ్మట లోనికి పోవుటకు హుకుం కావలెను. ఏ మెట్టుపై కాలు జారినదో కనుగొన్న యెడల సగము పని ముగిసినట్లే.

మెట్లెక్కుటకు ముందు ఆవలి కంప్యూటరు మేలుకొని యున్నదా యని విచారింపవలెను. కొంతసేపు పని లేనిచో అది తానై నిద్రావస్థకు పోవును. నిద్రించు కంప్యూటరు పిలుపునకు పలుకదు. కావున దాని విద్యుత్ అమరికలలో నిద్రను నిలిపివేయవలెను. తెర ఆరిపోయినను హాని లేదు. కరెంటు పోయి వచ్చిన పిమ్మట చాల కంప్యూటర్లు ఆగియే యుండును. బయాస్ అమరికలలో, కరెంటు తిరిగి రాగానే తానై ఆరంభమగు ఏర్పాటు సామాన్యముగా ఉండును. కరెంటు కోతలు గల పల్లెలలో దానిని ముందుగానే అమర్చుకొనుట వివేకము. మరియొక విషయము: విండోస్ హోమ్ రకము నుండి ఇతర కంప్యూటర్లలో ప్రవేశింపవచ్చునే గాని, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా దానిలోనికి ఇతరులు ప్రవేశింపజాలరు. ప్రవేశింపదలచిన కంప్యూటరులో ప్రొఫెషనల్ రకము ఉండి, రిమోట్ డెస్క్‌టాప్ అమరిక తెరచియుండవలెను.

చిరునామా

ప్రతి కంప్యూటరుకు ఐపీ చిరునామా యని ఒక సంఖ్య ఉండును. ఆవలి కంప్యూటరులో ‘ఐపీకాన్ఫిగ్’ అను ఆజ్ఞ నిచ్చిన అది తెలియును. ఆ సంఖ్య 169.254తో ఆరంభమైనచో, రూటరు నుండి చిరునామా లభింపక కంప్యూటరు తనకు తానే ఒక సంఖ్యను పెట్టుకొన్నదని అర్థము. అపుడు తీగను, వైఫైని, రూటరును పరిశీలింపవలెను.

10తోను, 192.168తోను, 172.16 మొదలు 172.31 వరకు గల సంఖ్యలతోను ఆరంభమగు చిరునామాలు ఇంటిలోపలి గది నంబర్ల వంటివి. 192.168.1.5 అను సంఖ్య వీరులపాడులో ఒక ఇంటిలోను, హైదరాబాదులో వేయి ఇండ్లలోను ఏకకాలమున ఉండవచ్చును. కావున వెలుపలి నుండి ఆ సంఖ్యతో పిలుచుట, ఊరి పేరు వ్రాయక గది నంబరు మాత్రము వ్రాసి ఉత్తరము వేయుటతో సమానము. పైగా రూటరు ఈ సంఖ్యలను మార్చుచుండును. నిన్న 5 అయినది నేడు 9 కావచ్చును. నిన్న కుదిరి నేడు కుదరని సంబంధమునకు ఇది మిక్కిలి సాధారణ కారణము. రూటరులో ఆ కంప్యూటరుకు ఒక సంఖ్యను శాశ్వతముగా కేటాయించిన ఈ చిక్కు తొలగును.

సంఖ్యకు బదులు పేరుతో పిలుచువారు, ఆ పేరు సరియైన సంఖ్యగా మారుచున్నదా యని చూడవలెను. పేరుతో కుదరక సంఖ్యతో కుదిరినచో, దోషము పేర్లను సంఖ్యలుగా మార్చు వ్యవస్థలో గలదు, కంప్యూటరులో లేదు.

రహదారి

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల మీదుగా గాజుతీగను లాగి పల్లెలకు ఇంటర్నెట్‌ను చేర్చుట ఆ పథకపు విశేషము. స్తంభముల మీది తీగ శీఘ్రముగా ఊరు చేరును. గాలివానకు శీఘ్రముగా తెగును కూడ. గాజుతీగ వచ్చి చేరు పెట్టెపై ఎల్‌ఓఎస్ అను దీపము ఎఱ్ఱగా వెలిగినను, మినుకుమినుకుమనినను వెలుతురు లోనికి వచ్చుట లేదని గ్రహింపవలెను. అపుడు కంప్యూటరులో ఏ అమరికను మార్చినను ప్రయోజనము లేదు. తీగ బాగు చేయువారిని పిలువవలెను.

దీపము సరిగానుండి, ఇతర విషయములు తెరపై వచ్చుచు, దూరప్రవేశము మాత్రము కుదరనిచో, సెల్‌ఫోను ఇంటర్నెట్ ద్వారా ఒకసారి యత్నింపవలెను. దానితో కుదిరిన యెడల దోషము మన ఇంటి మార్గమున గలదు. దానితోను కుదరనిచో దోషము ఆవలి ఒడ్డున ఉండుటకే అవకాశమెక్కువ. ఇట్లే ఆవలి ఇంటిలోని మరియొక కంప్యూటరు నుండి యత్నింపజేయవలెను. లోపలి నుండి కుదిరి వెలుపలి నుండి కుదరనిచో దోషము ఆ ఇంటి రూటరు వద్దనో, దాని వెలుపలనో గలదు.

ఇచ్చట ఒక గూఢమైన చిక్కును వివరింపవలసి యున్నది. పాత పద్ధతి ఐపీ చిరునామాలు ప్రపంచమంతటికి కలిపి సుమారు 429 కోట్ల 49 లక్షలు మాత్రమే. ఇవి చాలక ఇంటర్నెట్ సంస్థలు అనేక గృహములకు కలిపి ఒకే బహిరంగ చిరునామాను వాడుచున్నవి. దీనిని హాస్టలుతో పోల్చవచ్చును. హాస్టలులోని విద్యార్థి వ్రాసిన ఉత్తరము బయటికి పోవును. దానికి జవాబు కూడ అతనికి చేరును. కాని ఎవరి పేరును లేక, హాస్టలు చిరునామాతో మాత్రము వచ్చిన ఉత్తరమును కావలివాడు ఎవరికియ్యగలడు? రూటరు వెలుపలి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల సంఖ్యలతో ఆరంభమైనచో మనము అట్టి హాస్టలులో నున్నామని తెలియును. ఈ సంఖ్యలు 2012లో ఈ అవసరమునకే ప్రత్యేకింపబడినవి. ఆ స్థితిలో వెలుపలి నుండి నేరుగా లోనికి వచ్చుట అసాధ్యము. ఇంటర్నెట్ సంస్థను అడిగి ప్రత్యేక చిరునామాను పొందుట ఒక మార్గము. ఇరువైపుల నుండి బయటికి పోయి మధ్యలో కలిసికొను వీపీఎన్ వంటి ఏర్పాటు మరియొక మార్గము. వీరులపాడులోని తండ్రి కంప్యూటరును అమెరికా నుండి కుమారుడు చూడలేకపోవుటకు తరచుగా కారణమిదియే. తండ్రి ఏ మీటయు తప్పుగా నొక్కియుండనక్కరలేదు.

కార్యాలయపు వీపీఎన్ కుదిరియు లోపలి కంప్యూటరు కానరాకున్నచో, ఇంటి రూటరును కార్యాలయమును ఒకే విధమగు 192.168.1 సంఖ్యలను వాడుచున్నవేమో చూడవలెను. అట్లయినచో కార్యాలయమునకు పోవలసిన పిలుపు ఇంటిలోనే తిరుగుచుండును. ఇంటి రూటరు సంఖ్యల వరుసను మార్చిన చాలును.

దర్వాజా

ఒకే కంప్యూటరుకు అనేక ద్వారములుండును. వాటిని పోర్టులందురు. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారము 3389. ఎస్ఎస్‌హెచ్ ద్వారము 22. వీఎన్‌సీ అను మరియొక పద్ధతి ద్వారము 5900. చాలమంది ‘పింగ్’ అను ఆజ్ఞతో కంప్యూటరును పలుకరించి, జవాబు రానిచో అది లేదని నిర్ణయింతురు. ఇది తొందరపాటు. విండోస్ కావలి వ్యవస్థ సామాన్యముగా పింగ్‌కు జవాబియ్యదు. అయినను ద్వారము తెరచియుండవచ్చును. కావున విండోస్ పవర్‌షెల్‌లో ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ అను ఆజ్ఞతో, చిరునామాను ద్వారసంఖ్యను ఇచ్చి, ఆ ద్వారమునే తట్టి చూడవలెను.

తట్టినపుడు మూడు విధములగు ఫలితములు కలుగును. ద్వారము తెరచుకొనినచో ఇంతవరకు అంతయు సవ్యమే. ‘తిరస్కరింపబడినది’ అని వెంటనే జవాబు వచ్చినచో, కంప్యూటరు వరకు మన పిలుపు చేరినది గాని, సామాన్యముగా ఆ ద్వారము వద్ద వినువాడు లేడని అర్థము. ఆవలి వైపున సంబంధిత సేవ ఆగియున్నదేమో చూడవలెను. చాలసేపు నిరీక్షించి ‘గడువు ముగిసినది’ అని వచ్చినచో, పిలుపు అసలు చేరలేదు, లేదా ఫైర్‌వాల్ అను కావలివాడు మౌనముగా దానిని పారవేసినాడు. తిరస్కారమునకును మౌనమునకును గల ఈ భేదము తెలిసినవాడు సగము వైద్యుడు.

విండోస్ కంప్యూటరు తానున్న నెట్‌వర్కును ‘పబ్లిక్’ అని యెంచినచో కావలి కఠినమగును. క్రొత్త రూటరు పెట్టిన మరునాటి నుండి ప్రవేశము కుదరకుండుటకు ఇదియొక కారణము. సొంత ఇంటి నెట్‌వర్కును ‘ప్రైవేటు’గా మార్చి, ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌నకు మాత్రము అనుమతి నీయవలెను. ఫైర్‌వాల్‌ను పూర్తిగా తీసివేయుట పరిష్కారము కాదు. తలుపు బిగుసుకొన్నదని గోడ పడగొట్టుకొనువాడుండడు గదా!

రుజువు

ద్వారము వద్ద పేరును, పాస్‌వర్డును అడుగుదురు. ఇచ్చట దోషము మనుష్యులదిగా నుండుట పరిపాటి. మన విద్యార్థులు తెలుగు, ఉర్దూ కీబోర్డులను వాడుదురు. ఆవలి కంప్యూటరు తెలుగు కీబోర్డుపై నిలిచియున్నపుడు ఆంగ్లాక్షరముల పాస్‌వర్డు కొట్టినచో తెరపై చుక్కలే కనబడును గాని లోపలికి పోవునవి తెలుగక్షరములు! కావున కీబోర్డు భాషను, పెద్దక్షరముల మీటను మొదట చూడవలెను.

నాలుగంకెల పిన్‌తో కంప్యూటరు తెరచుటకు అలవాటు పడినవారు దానినే దూరము నుండి ఇచ్చి విఫలులగుదురు. పిన్ ఆ యంత్రమునకు మాత్రమే చెల్లును. దూరము నుండి ప్రవేశించునపుడు ఖాతా అసలు పాస్‌వర్డునే ఇయ్యవలెను. అసలు పాస్‌వర్డే లేని ఖాతాకు విండోస్ సాధారణముగా దూరప్రవేశమును నిరాకరించును. పేరు వ్రాయునపుడు కంప్యూటరు పేరు, వెనుకకు వాలిన గీత, వాడుకరి పేరు అను క్రమమున వ్రాసినచో ఏ ఖాతాయో సందేహము లేకుండును. ఊహించి ఊహించి పలుమార్లు కొట్టుట తగదు. క్రొత్తగా స్థాపించిన విండోస్ 11లో 10 సార్లు తప్పినచో ఖాతా 10 నిమిషములు మూతపడును.

కంప్యూటరు గడియారము కూడ రుజువులో భాగమే. పెద్ద కార్యాలయములలో వాడు కెర్బెరోస్ అను గుర్తింపు పద్ధతి సామాన్యముగా 5 నిమిషముల తేడాను మించి సహింపదు. మదర్‌బోర్డులోని చిన్న బిళ్ళ బ్యాటరీ క్షీణించిన పాత కంప్యూటరు, కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల ఏండ్ల వెనుకటి తేదీని చూపును. స్వల్పమైన వెలగల ఆ బిళ్ళను మార్చినచో, గంటల తరబడి అంతుపట్టని చిక్కు విడిపోవును.

రెండు కంప్యూటర్లలో ఒకటి మాత్రమే నవీకరింపబడినను రుజువు కుదరకపోవచ్చును. 2018 మే మాసమున మైక్రోసాఫ్టు విడుదల చేసిన భద్రతా సవరణ పిమ్మట, సవరణ పొందిన కంప్యూటర్లు సవరణ పొందని వాటితో సంబంధమును నిరాకరించినవి. అట్టి సమయమున వెనుకబడిన దానిని ముందునకు తేవలెనే గాని, ముందున్న దాని భద్రతను సడలింపరాదు.

హుకుం

పేరును, పాస్‌వర్డును సరియైనను లోనికి రానీయని సందర్భము గలదు. నిర్వాహకులు గాని వాడుకరుల పేర్లను ‘రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్’ అను జాబితాలో చేర్చవలెను. ఇది నిర్వాహకుని పని; ప్రవేశించువాడు ఎన్నిసార్లు యత్నించినను నిష్ప్రయోజనము. సామాన్య విండోస్ కంప్యూటరు ఒక సమయమున ఒక్కరికే ఆసనమిచ్చును. దూరము నుండి ఒకరు ప్రవేశించినచో ఎదుట కూర్చున్నవారి తెర తాళము పడును. కావున ముందుగా ఫోనులో తెలుపుట మర్యాదయు, సౌలభ్యమును.

ప్రవేశము కుదిరియు పని నెమ్మదిగా సాగుచున్నదని కొందరు విచారింతురు. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. న్యూయార్కు మన హైదరాబాదునకు సుమారు 13 వేల కిలోమీటర్లు. ఒక మీట నొక్కిన ఫలము తెరపై కనబడుటకు పోవుటయు వచ్చుటయు కలిపి సెకనులో ఎనిమిదవ వంతైనను పట్టును. మార్గములోని మలుపుల వలన అంతకు మించియు పట్టును. ఇది దోషము కాదు, ప్రకృతి ధర్మము. తెర రంగులను, వెనుకటి చిత్రములను తగ్గించిన కొంత ఊరట కలుగును.

చేయరాని పనులు

‘తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని’ అను సామెత ఇచ్చట చక్కగా అన్వయించును. ప్రవేశము కుదరలేదని 3389 ద్వారమును లోకమంతటికి తెరచిపెట్టుట మిక్కిలి ప్రమాదము. అట్టి ద్వారములను వెదకుచు పాస్‌వర్డులను ఊహించు దొంగ యంత్రములు రేయింబవళ్ళు తిరుగుచున్నవి. 2019 మే 14న రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అను పెద్ద లోపము బయల్పడగా, మైక్రోసాఫ్టు తాను ఏనాడో విడిచిన విండోస్ ఎక్స్‌పీకి సైతము సవరణ నిచ్చినది. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణల కాలము 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టి కంప్యూటరును దూరప్రవేశమునకు వాడువారు ఈ సంగతి గమనింపవలెను.

అంతకంటె పెద్ద ప్రమాదము మనుష్యుల వలన గలదు. బ్యాంకు వారమని, కంప్యూటరు కంపెనీ వారమని ఫోను చేసి, దూరసహాయపు యాప్‌ను పెట్టించి, మన తెరను వారి చేతిలోనికి తీసికొను మోసగాండ్రున్నారు. భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఇట్టి మోసములను గూర్చి హెచ్చరించినది. సాయము మనము కోరి, మనమెరిగిన వాని నుండి పొందవలెను. కోరకయే వచ్చు సాయమును తిరస్కరింపవలెను. ధనము పోయినచో క్షణమాలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

ముగింపు

దోషనిర్ణయమున ముఖ్యమైన నియమము ఒక్కటియే. ఒక్కొక్క మెట్టును పరీక్షించి, ఒక్కొక్క మార్పును చేసి, ఫలితమును కాగితముపై వ్రాసికొనవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవానికి పని కుదిరినను కారణము తెలియదు. మరునాడు చెడినచో మొదటికి వచ్చును. కుదిరియున్న దినముననే చిరునామాను, ద్వారసంఖ్యను, కంప్యూటరు పేరును ఒక పుస్తకమున వ్రాసియుంచుకొనిన, కుదరని దినమున అదియే దిక్కగును. పాస్‌వర్డును మాత్రము అందు వ్రాయరాదు.

మన కళాశాల నుండి ఏటేట పట్టభద్రులగు విద్యార్థులలో అనేకులు పల్లెల బిడ్డలు. వారు సెలవులకు ఇంటికి పోయినపుడు ఇరుగుపొరుగు వారి కంప్యూటర్ల వద్ద ఒక గంట కూర్చుండి, ఈ ఐదు మాటలను వారికి బోధింపగోరుచున్నాము. ఊరికొక్కరు ఈ విద్యను ఎరిగియున్నచో, గడువు దినమున ఏ విద్యార్థియు మోసగాని ఫోనుకు చెవియొగ్గవలసిన అవసరముండదు.